పొట్టేలు చెడగొట్టిన షాట్

ఆదివారం

మా ఫిలిమ్ క్లాసులో సదాశివం సార్ పెట్టిన మొదటి నియమం: షూటింగుకి వెళ్ళినవాళ్ళు రోజూ డైరీ రాయాలి, అందులో అబద్ధాలు ఉండకూడదు. రెండోది: ఫిలిమ్‌లో ఎక్కడా మన గొంతు వినపడకూడదు. మూడోది: ఇద్దరేసి వెళ్ళాలి. ఈ మూడోది నేను బస్సెక్కకముందే గాల్లో కలిసిపోయింది. సౌండు చూడాల్సిన షఫీ ఫోన్ చేసి, "నువ్వు తీసిందల్లా కెమెరా ఎలాగూ నాకు పంపేస్తుంది కదా, ఇంట్లో కూర్చునే చూసేస్తా. అక్కడ ఎండలు మామూలుగా లేవట" అన్నాడు. మంచిది అన్నాను. కోపం రాలేదని రాద్దామనుకున్నాను గానీ మొదటి నియమం అడ్డం వస్తోంది. వచ్చింది.

ఊరికి కాగితాల మీద ఏదో అంకె ఉంది. ఇక్కడివాళ్ళు మాత్రం ప్లేట్లకింద అంటారు. బస్సు దిగి తలెత్తితే ఆకాశం లేదు. రెండు నిలువుల ఎత్తున సోలార్ ప్లేట్లు, కనుచూపు మేరా అవే. ప్లేటుకీ ప్లేటుకీ మధ్య సందుల్లోంచి ఎండ చారలుగా కిందికి దిగుతోంది. ఇళ్ళూ గొర్రెలూ మనుషులూ అన్నీ చారలే. పైన తుడుపు బండ్లు పట్టాల మీద గరగరమని తిరుగుతూ ప్లేట్లు కడుగుతుంటాయి. కారిన నీళ్ళకి కింద గడ్డి మొలుస్తుంది. గడ్డి ఎండితే నిప్పు రాజుకుంటుందని గొర్రెల్ని పెట్టారు, గొర్రెల్ని చూడ్డానికి మనుషుల్ని పెట్టారు. మా ఫిలిమ్ ఆ మనుషుల గురించి. నిడివి ఐదు నిమిషాలు.

టీ బంకు దగ్గర కెమెరా తీశాను. తెర మీద గ్లాసులు స్పష్టంగా ఉన్నాయి, చేతులు స్పష్టంగా ఉన్నాయి, తలలుండే చోట మాత్రం బూడిద రంగు మసకలు. సరే అననివాళ్ళ ముఖం ఏ కెమెరాకీ చిక్కదు. ఇది నేను పుట్టకముందు నుంచీ ఉన్న చట్టమే. కానీ నగరంలో పదిమందిలో ఇద్దరైనా సరే అనేసి ఉంటారు. ఇక్కడ ఒక్కరూ లేరు.

"సరే అంటారా?" అని ఒక్కొక్కరినే అడిగాను. తుడుపు బండ్ల మెకానిక్ బాబయ్య టీ ఊదుకుంటూ అన్నాడు. "ఇయ్యాల సరే అంటే, నేను పోయినాక ఈ ముఖాన్ని ఎవురో ఒకరు మోయాల గదమ్మా. నా కొడుకు ఇప్పటికే వాళ్ల మామది మోస్తాండాడు. వానికెందుకు ఇంగో బరువు?"

అందరూ తలలూపారు. తెర మీద మసకలు ఊగాయి. నేను స్టాండు మడుస్తుంటే వెనకనుంచి ఒకావిడ వచ్చి, ఎవరూ అడక్కుండానే కెమెరా ముందు నిలబడింది.

"నా పేరు ఓబుళమ్మ. సరే."

మసక విడిపోయింది. రెండు ముక్కుపుడకలు, చుబుకం మీద పచ్చబొట్టు చుక్క, దేన్నీ ఊరికే నమ్మని కళ్ళు.

"మీవాళ్లెవురు పాపా?" అంది వెంటనే.

"ఎవరూ లేరండి. బాలనిలయంలో పెరిగాను. మాది సముద్రంలో కలిసిపోయిన ఊళ్ళలో ఒకటట."

నా జవాబు విన్నవాళ్ళు మామూలుగా అయ్యో అంటారు, ఆ తరవాత ఏమనాలో తెలీక గడియారం చూస్తారు. ఈవిడ అయ్యో అనలేదు.

"అట్లనా. అయితే నాకు మనవరాలివి పడతావులే. రా, సంగటి తిందువు."

"థాంక్సండి" అన్నాను. నిలయంలో చిన్నా పెద్దా అందరినీ గారు, అండి అనే పిలిపించారు. ఇంకో పిలుపుకి నా నోరు తిరగదు.

సోమవారం

ఎండ చారల వల్ల పని నరకంగా ఉంది. చార ముఖం మీద పడ్డప్పుడే షాట్ బాగుంటుంది, అదేమో నిలవదు. చెవి మీద మొదలై, ముక్కు దాటి, అవతలి చెవి మీదుగా జారిపోతుంది. ఈలోగా ఆమె మాట పూర్తవ్వాలి. ఓబుళమ్మ మాటలకేమో పూర్తవడం అనే అలవాటు లేదు.

గొర్రెలన్నిటికీ పేర్లున్నాయి. పెద్ద కొమ్ముల పొట్టేలు పేరు కలెక్టరు. ఎందుకలా పెట్టారని అడిగితే, "ఎప్పుడో ఒకసారి వస్తాడు, ఒక గుద్దు గుద్దుతాడు, పోతాడు" అంది. నవ్వు ఆపుకోలేక నేనూ నవ్వాను. ఆ షాట్ పోయింది. నా గొంతు పడింది కదా.

అసలు తలనొప్పి వేరే ఉంది. ఏ ప్రశ్న అడిగినా జవాబు చివర "మనవరాలా" అంటుంది. "గడ్డి తడిగా ఉంటే గొర్రెకు కడుపుబ్బుతాది మనవరాలా." "ఈ ప్లేట్లు రాకముందు ఇక్కడ చెనిక్కాయ పండేది మనవరాలా." సార్ ఇది వింటే ఆ ముక్క కత్తిరించమంటారు. కత్తిరిస్తే వాక్యం తెగినట్టు తెలిసిపోతుంది.

"ఓబుళమ్మగారూ, నేనిక్కడ లేననుకోండి. నన్ను పిలవకండి. ఊరికే మాట్లాడండి."

"పిలవకుండా ఎట్ల మాట్లాడేది? గోడతోనా?"

"గోడతోనే అనుకోండి."

"గోడకైనా వరస కలుపుకుంటే గానీ మాట రాదు నాకు" అంది. సాయంత్రం దాకా ప్రయత్నించాం. ఒక్క వాక్యం కూడా శుభ్రంగా దొరకలేదు.

మంగళవారం

ఈ రోజు ఓబుళమ్మ ఇంట్లో తీశాను. గదిలో ఒక గోడ నిండా ఫొటోలు, ఐదుగురు. కొత్తగా తీసినట్టు కళకళలాడుతున్నాయి. భర్త తిప్పన్న, తల్లి గంగక్క, అక్క వీరనాగమ్మ, మరిది సంజప్ప. ఐదో అతను టోపీ పెట్టుకుని, పంటి సందున పుల్లతో నవ్వుతున్నాడు. ఐదుగురూ పోయినవాళ్ళే. ఐదుగురినీ ఓబుళమ్మే మోస్తోంది. ప్రతి ఏడూ ముఖాల ఆఫీసు బండి ఊరికి వచ్చినప్పుడు వెళ్ళి, ఒక్కొక్కరి పేరూ చెప్పి, మోస్తానని చెప్పి వస్తుంది. అలా చెప్పేవాళ్ళు లేకపోతే పోయినవాళ్ళ ముఖం ప్రతి ఫొటోలోనూ మసకైపోతుంది.

"ఈయనెవరు?" అన్నాను టోపీ అతన్ని చూపించి.

"మస్తాను. గడ్డి లారీ డ్రైవరు. వచ్చినప్పుడంతా మన ఇంట్లోనే సంగటి తినేటోడు. ఎవురూ లేరు వానికి. వాడు పోయినాక ఆఫీసోళ్లు వచ్చి వరసేంది అనడిగిరి. వాని లారీ కెమెరాలో ఉండె, వాడు ఎప్పుడో ముల్లు గుచ్చుకుని 'అక్కా' అనరిచినాడు, నేను 'ఏందిరా తమ్ముడా' అని ఇంట్లోనుంచే పలికినా. అది చాలన్నారు. పిలిచింది ఒకరుండాల, పలికింది ఒకరుండాల, అంతే."

పక్కింట్లో కూడా తీద్దామని వెళ్ళాను. అక్కడ గోడకి ఒకే ఒక్క ఫ్రేము. పట్టుచీర, మెడలో హారం, చేతిలో పువ్వు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ముఖం ఉండాల్సిన చోట బూడిద. ఫ్రేముకి తాజా పూలమాల వేసి ఉంది. ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ళు, ఆమె ఎవరో తమకి తెలీదనీ తీసెయ్యడానికి మనసొప్పలేదనీ చెప్పారు. ఆ ఫ్రేమును నేను తియ్యలేదు. ఏ కళనున్నానో గానీ చేతులు రాలేదు.

తిరిగొచ్చాక ఓబుళమ్మ చెప్పింది. ఆమెకి ఈ ఏడు డెబ్బై నిండాయి. డెబ్బై దాటినవాళ్ళు తమ వెనక మోసేవాళ్ళెవరో చూపించాలి. చూపించకపోతే వాళ్ళు మోసే ముఖాలన్నీ అప్పటికప్పుడే మసకైపోతాయి. వాళ్ళు పోయాక వాళ్ళదీ అంతే. బండి అమావాస్యకి, అంటే శుక్రవారానికి వస్తుంది.

"మరి మీకెవరున్నారండి?"

ఆమె నా వైపు ఒక క్షణం చూసి, "సంగటి చల్లారిపోతాంది, తిను మనవరాలా" అంది.

ఆ మాటని కూడా కత్తిరించాను. కానీ కత్తిరించే ముందు ఇంకోసారి విన్నాను. అబద్ధం రాయకూడదు కాబట్టి ఇది కూడా రాయాలి: ఇంకోసారి కాదు, చాలాసార్లు విన్నాను. మీవాళ్ళెవరు అని నన్ను అడిగినవాళ్ళు చాలామంది. నువ్వు మావాళ్ళలో పడతావు అన్నవాళ్ళు లేరు.

బుధవారం

పొద్దున టీ బంకులో బాబయ్య నన్ను చూసి మీసాల చాటున నవ్వాడు.

"ఏమ్మా, ఓబుళమ్మకు మనవరాలివైపోతివంట?"

"ఆవిడ అలా అంటారంతే."

"అంటాది అంటాది. పోయినేడు సర్వే అబ్బోడు వస్తే వాన్ని 'అల్లుడా' అనె. టీకాల పాప వస్తే 'కోడలా' అనె. మొన్నటికి మొన్న తుడుపు బండ్ల కంపెనీ ఆఫీసరొస్తే వాన్ని గూడా 'మామా' అనె పాపం. వాడు బెదిరి జీపెక్కె. కెమెరా కనపడితే సాలు, ఆయమ్మకు బంధువే."

బంకులో అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. నాకే చెంపలు మండాయి.

నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళాను. గొర్రెపిల్లకి పాలు పడుతోంది.

"బండి కోసమేనా నన్ను పిలుస్తున్నది?"

ఆమె తల కూడా ఎత్తలేదు. "ఆ. మోసేటోళ్లు కావాల గదా నాకు. దాంట్లో తప్పేముండాది?"

తప్పేమీ లేదు. సర్వే అబ్బాయి, టీకాల అమ్మాయి, కంపెనీ ఆఫీసరు, ఆ వరసలో నేను. నా ముందు ముగ్గురున్నారన్నదే నా బాధ. చెప్పుకుంటే సిగ్గుచేటు, పేరూ ముఖమూ తెలియని సర్వే అబ్బాయి మీద నాకు అసూయ పుట్టింది.

"ఇక మీదట నన్ను మనవరాలా అని పిలవకండి. పలకను."

"ఇన్ని దినాలు పలికినట్ల!" అంది.

ఆ మాట నిజమే. ఒక్కసారి కూడా పలకలేదు. ఆమె పిలిచిన ప్రతిసారీ నేను "చెప్పండి" అన్నాను, "అలాగేనండి" అన్నాను, "కొంచెం కుడికి జరగండి" అన్నాను. నేను ఏడవలేదు. కెమెరా తుడుచుకుని బయటికి వచ్చాను.

గురువారం

ఓబుళమ్మ నన్ను మేడమ్ అంటోంది.

"ఇట్ల నిలబడాల్నా మేడమ్?" "ఇంగ మాట్లాడొచ్చా మేడమ్?" కెమెరా తిరగడం మొదలవగానే ఆ ముక్క కూడా ఉండదు. ముందుకు చూసి, నిదానంగా, ఒక్కో వాక్యం పూర్తి చేసి ఆగుతుంది. చార చెవి మీద మొదలై ముక్కు దాటి అవతలి చెవి చేరేలోగా మాట అయిపోతుంది. సార్ కోరిన ఫుటేజీ అంతా ఒక్క పూటలో వచ్చేసింది. ఒక్క ముక్క కత్తిరించనవసరం లేదు. నాకు ఒక్కటీ నచ్చలేదు.

మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే బంకులో ఉగ్గాని తిన్నాను. ఆమె ఇంట్లో తినమని పిలవలేదు, నేనూ వెళ్ళలేదు. నిలయంలో భోజనాల గదిలో రెండు వందల మందిమి తినేవాళ్ళం. అక్కడ కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు. అక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ కారు కాబట్టి లోటు తెలిసేది కాదు.

సాయంత్రం ఆఖరి షాట్ పెట్టాను. ఓబుళమ్మ చారలో నిలబడి దూరంగా మంద వైపు చూడాలి, మాట ఉండదు. అంతా కుదిరింది. నేను కెమెరా కంటిలోంచి చూస్తున్నాను. ఆమె వెనక, ఫ్రేములో ఓ మూల, కలెక్టరు తల దించి కాలితో నేల గీరడం కనిపించింది. అంతే, దూకింది. నేను ఏదో అరిచాను, ముందుకు పరిగెత్తాను, స్టాండు కాలికి తగిలి కెమెరా నేల మీద పడింది. ఓబుళమ్మ సమయానికి పక్కకి జరిగింది. పొట్టేలు వెళ్ళి ప్లేట్ల స్తంభాన్ని గుద్దుకుని, తనకే అవమానం జరిగినట్టు అటు తిరిగి నిలబడింది.

ఇద్దరం ఆయాసపడుతూ ఒకరినొకరం చూసుకున్నాం. ఆమె ఏదో అనబోయి ఆగింది.

"దెబ్బేం తగల్లేదు గదా మేడమ్?"

"లేదండి. మీకు?"

"లేదు మేడమ్."

కెమెరాకి ఏమీ కాలేదు. షాట్ మాత్రం పోయింది. గడ్డి, కాళ్ళు, ప్లేట్ల అడుగు భాగం, అంతే కనిపిస్తోంది. చూడకుండానే చెత్త ఫోల్డరులో పడేశాను.

శుక్రవారం

పొద్దున నేను దిగిన గదిలో సామాను సర్దుకుంటుంటే ఓబుళమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని ఉంది.

"మేడమ్, నువ్వు పోయేలోగా మా గోడను ఒకసారి తీస్తావా? రేపటినుంచి ఎట్లుంటారో ఏమో."

వెళ్ళాను. తడిగుడ్డతో ఐదు ఫ్రేముల్నీ తుడిచి పెట్టింది. ఒక్కోదాని దగ్గరా ఆగి కొంగుతో మళ్ళీ తుడిచింది. ఇక్కడ మసకైతే నా కెమెరాలోనూ మసకే అవుతుందని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా తీశాను. మస్తాను పంటి సందున పుల్లతో నవ్వుతూనే ఉన్నాడు. ఎవరూ లేనివాడు ఇంతకాలం ఆ గోడ మీద నవ్వుతూ ఉండటానికి ఒక ముల్లూ ఒక పిలుపూ సరిపోయాయి. నా పంతం ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది. ఆమె నన్ను బండి కోసమే పిలిస్తే మాత్రమేం, మోయడానికి నాకేం బరువు? నాకు వేరే మోతలేవీ లేవు.

"పదండి, బండి దగ్గరికి. పలుకుతాను" అన్నాను.

ఆమె నమ్మనట్టు చూసింది. ముందు ఇంటి దగ్గరే కెమెరా పెట్టుకుని ఒకసారి అనుకుని చూశాం. ఆమె "మనవరాలా" అంది. నేను "చెప్పు జేజీ" అన్నాను. ఇక్కడ నాయనమ్మనీ అమ్మమ్మనీ జేజి అంటారు. నా నోట్లో అది అద్దె చీర కట్టుకున్నట్టు ఉంది. ఇంకోసారి అన్నాం, మరోసారి అన్నాం. సార్ ఉంటే నాటకాల క్లాసులో చేరమనేవారు.

ముఖాల బండి టీ బంకు పక్కన ఆగింది. లోపల నళినాక్షి గారని ఒక ఆఫీసరు, ఆమె పక్కన బీరువా అంత యంత్రం. పొద్దున తీసినదాన్నీ, ఆ వారమంతా తీసి ఉంచుకున్నవాటినీ యంత్రానికి ఇచ్చాను. అది నిదానంగా అన్నీ చూసింది. నళినాక్షి గారు తెర వైపు వంగి చదివారు.

"అవ్వ పిలిచినవి చాలా ఉన్నాయి. మీరు పలికినవి మాత్రం ఇవాళ పొద్దుటివే. అవి కెమెరా కోసం పలికినవమ్మా. యంత్రం ఒప్పుకోవడం లేదు."

"నేను ఇష్టపడే అన్నానండి."

"ఇష్టం లేదనడం లేదు. ఒకప్పుడు వరసలు అమ్ముకున్నారు, కొనుక్కున్నారు. అందుకే ఈ పద్ధతి. కెమెరా ఉందని మరిచిపోయి పలికిన పలుకు ఒక్కటుంటే చాలు. ఒక్కటి."

కెమెరా ఉందని మరిచిపోయిన క్షణం ఒక్కటి తెచ్చి చూపించండి అని సదాశివం సార్ మూడేళ్ళుగా నా నెత్తిన మొట్టికాయలు వేస్తున్నారు. ఆయన మార్కులే కోస్తారు. వీళ్ళు ఐదుగురిని గోడ మీదనుంచి తుడిచేస్తారు.

"రేపు మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉంటాం" అని నళినాక్షి గారు మెల్లగా అన్నారు. కానీ మరిచిపోవాలని అనుకుని ఎవరైనా మరిచిపోగలరా? బయటికి వచ్చి కెమెరా సంచిలో పెట్టేశాను.

"పోనీలే పాపా" అంది ఓబుళమ్మ. మేడమ్ పోయింది, మనవరాలు రాలేదు. "నువ్వేం చేస్తావు. నోటికి అలవాటు ల్యాకపోయె."

ఆ మాట కంటే తిట్టినా బాగుండేది.

శనివారం

తెల్లారి షఫీ ఫోన్ చేశాడు. నాకు మాట్లాడాలని లేదు.

"సౌండు అంతా విన్నా. బాగుంది కానీ ప్రాణం లేదు" అన్నాడు.

"తెలుసు."

"ఒక్కటి మాత్రం అదిరింది. అదెందుకు చెత్తలో పడేశావ్? కెమెరా కింద పడిపోయి, కాళ్ళు, గడ్డి, పొట్టేలు..."

"చెత్త కూడా నీకు వచ్చిందా?"

"అన్నీ వస్తాయి కదా. సరే గానీ, అందులో అరిచిన పిల్లెవరు? ఆ ఊరి పిల్లా? ఆ అమ్మాయిని కూడా ఫిలిమ్‌లో పెట్టు."

"అక్కడ పిల్లలెవరూ లేరు షఫీ. నేనూ ఆవిడా, అంతే."

"నువ్వు కాదే. నీ గొంతు నాకు తెలీదా?"

ఫోన్ పెట్టేసి చెత్త ఫోల్డరు తెరిచాను. గడ్డి పోచలు పెద్ద పెద్దగా. చారలు. పరిగెత్తే నా చెప్పులు. వాటి మీదుగా ఒక గొంతు. అది అండి అనే గొంతు కాదు. నగరంలో ఎవరూ విననిది, నేను కూడా విననిది.

"జేజీ! ఎనక! జేజీ, ఎనక చూడు!"

వెంటనే, ఒక్క అర క్షణం కూడా ఆలోచించకుండా, ఆ రోజు పొద్దుటినుంచీ నన్ను మేడమ్ అంటున్న మనిషి గొంతు.

"ఆఁ, మనవరాలా!"

ఆ తరవాత స్తంభానికి తల తగిలిన చప్పుడు. నేను మంచం మీద కూర్చుండిపోయాను. ఏడ్చాను. ఈ సంగతి రాయాల్సిన అవసరం లేదు గానీ రాస్తున్నాను.

ఓబుళమ్మ మంద తోలుకుని బయల్దేరుతోంది. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. "గొర్రెలు మే, గొర్రెలు!" అని ఆమె మొత్తుకుంటున్నా వినలేదు. యంత్రం ఆ క్లిప్పుని ఒక్కసారే చూసింది. నళినాక్షి గారు తెర మా వైపు తిప్పారు. ఒప్పుకుంది.

"ఇక మోసేవాళ్ళ పేరూ వరసా చెప్పి, మోస్తానని చెప్పాలమ్మా. ఒక్కొక్కరిదీ."

నాకు వరసలు తెలీవు. ఓబుళమ్మ నా వెనక నిలబడి అందించింది, నేను చెప్పాను. తిప్పన్న, తాత, మోస్తాను. గంగక్క, జేజికి అమ్మ, నాకు ముత్తవ్వ, మోస్తాను. వీరనాగమ్మ, పెద్దజేజి, మోస్తాను. సంజప్ప, చిన్నతాత, మోస్తాను. మస్తాను దగ్గర ఇద్దరం ఆగాం.

"నన్ను అక్కా అనె గదా. నీకు తాతే" అంది ఓబుళమ్మ.

"మస్తాను తాత. మోస్తాను."

చివర ఆమె పేరు చెప్పాను. మోస్తాను అనబోయి, వెనక్కి తిరిగి ఆమెను చూశాను. నళినాక్షి గారు ఆగారు. యంత్రం కూడా ఆగింది, దానికేం తొందర లేదు. చెప్పాను.

"మిమ్మల్ని మోసేవాళ్ళ పేరుండాల్సిన గడి పుట్టినప్పటినుంచీ ఖాళీగా ఉందమ్మా. మీది ఎవరు మోస్తారు?"

జవాబు నా వెనకనుంచి వచ్చింది. "నేనుండా గదా."

"అవ్వా, మీకు డెబ్బై. ఆ అమ్మాయికి ఇరవై కూడా లేవు."

"అయితే? నాకంటే ముందు పోదని రాసిచ్చినారా ఎవురన్నా?"

నళినాక్షి గారికి నవ్వొచ్చింది. రాసేశారు. ఆ మాటలో ఉన్న లెక్క నాకు అర్థం కాకపోలేదు. ఓబుళమ్మ పోయిన రోజున నా గడి మళ్ళీ ఖాళీ అవుతుంది. ఆ రోజుకి నా దగ్గర ఆరు ముఖాలుంటాయి. నా వెనక ఎవరూ ఉండరు. అయినా ఆ గడిలో పేరు పడటాన్ని చివరి అక్షరం దాకా చూశాను.

బయటికి వచ్చాక అడక్కుండా ఉండలేకపోయాను. "సర్వే అబ్బాయిని కూడా అల్లుడా అన్నావట."

అన్నావు అని నేనే అన్నాను. గమనించానో లేదో కూడా తెలీదు, ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

"అంటి. టీకాల పాపను గూడా కోడలా అంటి. పిలిస్తే గదా ఎవురన్నా పలికేది? అందర్నీ పిలిస్తి. పలికింది నువ్వొక్కదానివే." కొంగు బిగించుకుని మంద వైపు నడుస్తూ ఒక మాట కలిపింది. "అది గూడా కలెక్టరు పుణ్యమే అనుకో. పోయే ముందు దానికి రెండు చెనిక్కాయలు పెట్టు."

పెట్టాను. తిని, నా మోకాలిని ఒక గుద్దు గుద్దింది.

రెండు నెలల తరవాత

ఈ పేజీ సార్ చదవరు, డైరీ ఎప్పుడో ఇచ్చి తిరిగి తీసుకున్నాను. ఫిలిమ్‌లో ఆ షాట్ ఉంచాను. గడ్డి, కాళ్ళు, పొట్టేలు, నా అరుపు. సార్ రాసిన వ్యాఖ్య ఇది: "కెమెరా మరిచిన క్షణం మొత్తం మీద ఇదొక్కటే. అయితే మీ గొంతు వినిపించింది కాబట్టి మార్కులు తగ్గించాను." రెండు వాక్యాలూ న్యాయంగానే ఉన్నాయి.

ఒంటరితనం పోయిందని రాస్తే అది అబద్ధం. హాస్టల్లో నాది ఒక్కరే ఉండే గది. ఆదివారం ఎవరూ రారు. ఓబుళమ్మకి ఫోన్ చేస్తే గొర్రెల సంగతులు చెప్పి, సంగటి తిన్నావా అని అడిగి, నేను ఇంకేదో చెప్పబోయేలోగా పెట్టేస్తుంది. పెట్టేశాక గది అంతకు ముందు కంటే నిశ్శబ్దంగా ఉంటుంది. ఇదివరకు ఈ నిశ్శబ్దానికి ఒక మనిషి పేరు లేదు, ఇప్పుడుంది.

నిన్న ఆరుగురి ఫొటోలూ ఫ్రేములు కట్టించి గోడకి పెట్టాను. గోడకి ఏం తగిలించినా హాస్టల్‌కి తెలిసిపోతుంది. సాయంత్రం తలుపు పక్కన మైకులోంచి వార్డెన్ గారి గొంతు వచ్చింది.

"తరళా, గోడ మీద ఫొటోలెవరివి?"

"మావాళ్ళవండి."

కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"నీ ఫారంలో ఎవరూ లేరని ఉందే."

"అది పాత ఫారమండి" అన్నాను.